బరువు కలిసొచ్చిన గుర్రం: చిన్న జంప్ రేసుల్లో దాన్ని పోల్చుకోవడం ఎలా

(ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంతంలో ఉంటున్న తెలుగువాళ్ళ ఆదివారం కూడికలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండి బాబాయ్, మీరు ఇక్కడ కూర్చోండి, మైకు లేదు కదా, మీకు వినపడదు.

పోయిన నెల మనవాళ్ళు పదిమంది కలిసి సెడ్జ్‌ఫీల్డ్ రేసులకి వెళ్ళొచ్చారు. వచ్చాక అందరూ నన్ను అడిగింది ఒక్కటే. "అన్నా, పన్నెండు గుర్రాలు పరిగెత్తాయి. గుర్రాల వివరాలుండే రేసు కార్డు చూస్తే పన్నెండూ ఓడిపోతూ వచ్చినవే. గెలుపన్న మాటే లేదు. వీటిలో ఏది గెలుస్తుందో ఎలా చెప్పాలి?" మంచి ప్రశ్న. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ ప్రశ్న గురించే.

పన్నెండూ ఓడిపోతూ వచ్చినవే. సరే, ఒప్పుకుంటాను. ఎందుకు ఓడిపోయాయి? అది అడిగారా? ఎవరూ అడగరు. ఏది గెలిచింది, ఎన్నోది వచ్చింది అని చూస్తాం. ఓడింది ఎందుకు ఓడిందో చూడం. పెద్ద రేసుల సంగతి వేరు, అక్కడ గెలిచిన గుర్రాలే వస్తాయి. చిన్న రేసుల్లో ఓడిన గుర్రాలే వస్తాయి కాబట్టి ఓటమిని చదవడం రావాలి. ఎందుకు ఓడింది? ఈ మాట ఇవాళ నా నోట పదిసార్లు వస్తుంది, విసుక్కోకండి.

మనలో చాలామందికి రేసులంటే మలక్‌పేట. నేను మలక్‌పేటలోనే పెరిగాను, రేసుకోర్సు గోడ మా వీధి చివరే ఉండేది. అక్కడ చూసినవన్నీ ఫ్లాట్ రేసులు. దారిలో అడ్డం ఏమీ ఉండదు, గేటు తెరుస్తారు, రెండు నిమిషాల్లో అంతా అయిపోతుంది. ఇక్కడి జంప్ రేసులు అలా కాదు. తక్కువలో తక్కువ దాదాపు రెండు మైళ్ళు, మూడు మైళ్ళకి పైన కూడా ఉంటాయి. దారిపొడవునా హర్డిల్సో ఫెన్స్‌లో దూకాలి. హర్డిల్ మూడున్నర అడుగులుంటుంది, కాలు తగిలితే వాలిపోతుంది. ఫెన్స్ కనీసం నాలుగున్నర అడుగులు, బర్చ్ కొమ్మలు దట్టంగా కట్టి నిలబెడతారు, అది వాలదు. గుర్రాలు కూడా కుర్రవి కావు. ఏడేళ్ళవి, తొమ్మిదేళ్ళవి, పదకొండేళ్ళవి కూడా పరిగెడతాయి. సెడ్జ్‌ఫీల్డ్, హెక్సమ్, కెల్సో, కార్లైల్, ఏళ్ళ తరబడి అవే ఊళ్ళు, అవే గుర్రాలు. అందుకే ఓపిక ఉన్నవాడికి ఒక్కో గుర్రం చరిత్ర చేతికి దొరుకుతుంది. నాకు ఈ చిన్న రేసులంటే అంత ఇష్టం ఎందుకంటే అందుకే.

ఇప్పుడు హ్యాండిక్యాప్ అంటే ఏమిటో చెప్పాలి. ఊళ్ళో బండలాగుడు పోటీలు చూసినవాళ్ళు చేతులెత్తండి. సగం మంది పైనే ఉన్నారు, బాగుంది. అక్కడ పళ్ళు చూసి విభాగాలు చేస్తారు కదా? రెండు పళ్ళ గిత్తలకి ఒక పోటీ, నాలుగు పళ్ళకి ఒకటి, ఆరు పళ్ళకి ఒకటి, ఆపైన సీనియర్లు. ఈడుజోడైనవాటినే ఒకదానితో ఒకటి పోటీకి దింపుతారు. హ్యాండిక్యాప్‌లో దారి వేరు. బలమైనదాన్నీ బలహీనమైనదాన్నీ ఒకే రేసులో దింపి, బలమైనదాని వీపు మీద ఎక్కువ బరువు పెడతారు. అన్నీ ఒకే గీత మీద ఒకేసారి రావాలి, ఇదీ ఆశయం. ఈ దేశంలో ఈ విద్యకి పేరు తెచ్చినవాడు అడ్మిరల్ రౌస్. నౌకాదళంలో పనిచేసి, 1855లో హ్యాండిక్యాపర్, అంటే బరువులు నిర్ణయించే అధికారి అయ్యాడు. ఏ వయసు గుర్రం, ఏ దూరానికి, ఏ నెలలో ఎంత మోయాలో లెక్క కట్టి పట్టిక వేసిన మనిషి.

ఇప్పుడా పని బ్రిటిష్ హార్స్‌రేసింగ్ అథారిటీలోని హ్యాండిక్యాపర్లు చేస్తున్నారు. ప్రతి గుర్రానికీ ఒక రేటింగ్. అది బరువు కొలిచే పౌండ్ల లెక్క. జంప్ గుర్రాల్లో అన్నిటికన్నా పెద్దవి 170 దాటతాయి. మనం మాట్లాడుకుంటున్నవి క్లాస్ 4, క్లాస్ 5 రేసులు, అంటే కింది స్థాయివి. కార్డు మీద "0-100" అని ఉందనుకోండి, రేటింగ్ 100 లోపు ఉన్న గుర్రాలకే అందులో చోటు. 100 రేటింగ్ గుర్రం 12 స్టోన్ల బరువు మోస్తే, 80 రేటింగ్ గుర్రం దానికన్నా 20 పౌండ్లు తక్కువ మోస్తుంది. స్టోన్‌కి 14 పౌండ్లు కదా, అంటే 10 స్టోన్ల 8 పౌండ్లు. మన కిలోల్లో మొదటిది 76, రెండోది 67. దాదాపు తొమ్మిది కిలోల తేడా. బియ్యం బస్తా పక్కన పెట్టి చూస్తే తొమ్మిది కిలోలు ఏమంత అనిపిస్తుంది. అవే తొమ్మిది కిలోలు వీపున వేసుకుని మూడు మైళ్ళు, పద్దెనిమిది ఫెన్స్‌లు, మోకాలి లోతు బురద. అప్పుడు తెలుస్తుంది.

బరువుకి ఎంత బలముందో తెలియాలంటే 1973 గ్రాండ్ నేషనల్ చూడాలి. అది చిన్న రేసు కాదు, కానీ చెప్పకుండా ఉండలేను. క్రిస్ప్ అనే ఆస్ట్రేలియా గుర్రం 12 స్టోన్లు మోస్తూ ముందు పరిగెత్తింది. మామూలుగా కాదు, మిగతావి ఎక్కడో వెనక ఉండిపోయాయి. దాని వెనక రెడ్ రమ్, 10 స్టోన్ల 5 పౌండ్లతో. 23 పౌండ్ల తేడా. ఆఖరి ఫెన్స్ దాటాక క్రిస్ప్ కాళ్ళు తడబడ్డాయి. గీత దగ్గర రెడ్ రమ్ ముప్పావు లెంగ్త్‌తో దాటేసింది (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు). ఈ కథ అందరూ చెబుతారు. నేను చెప్పదలుచుకున్నది మరుసటి ఏడు సంగతి. 1974లో అదే రెడ్ రమ్ మీద 12 స్టోన్లు పెట్టారు. అంతకు ముందు ఏడాది కంటే 23 పౌండ్లు ఎక్కువ. ఏమైంది? ఏడు లెంగ్త్‌లతో గెలిచింది! అంటే 1973లో దాని వీపు మీద ఉన్న 10 స్టోన్ల 5 పౌండ్లు దాని సత్తాకి తగిన బరువేనా? కానే కాదు. అప్పటికి ఆ గుర్రం ఎంతటిదో ఇంకా కాగితం మీదికి రాలేదు. బరువు కలిసొచ్చిన గుర్రం అంటే అదీ. 1967లో, గ్రాండ్ నేషనల్ జరిగే ఇదే ఏన్‌ట్రీ మైదానంలో, రెండేళ్ళ పిల్లగా ఒక సెల్లింగ్ రేసులో డెడ్ హీట్ చేసిన, అంటే ఇంకోదానితో సమంగా గీత దాటిన గుర్రం అది. సెల్లింగ్ రేసంటే గెలిచిన గుర్రాన్ని అక్కడికక్కడే వేలానికి పెట్టే రేసు. అలాంటి చోట మొదలైంది.

మన ఇళ్ళలో పిల్లల యూనిఫాం గుర్తుంది కదా? జూన్‌లో టైలర్ కొలతలు తీసుకుంటాడు. డిసెంబరు వచ్చేసరికి ప్యాంటు చీలమండ పైకి వెళ్ళిపోతుంది. టైలర్ తప్పా? కాదు, కొలిచిన రోజున అది సరైన కొలతే. రేటింగ్ కూడా అంతే, ఇప్పటిదాకా గుర్రం చూపించినదానికి కొలత. చేయగలిగినదాన్ని హ్యాండిక్యాపర్ ఊహించి రాయలేడు, రాయకూడదు కూడా. చూపించినదానికీ చేయగలిగినదానికీ మధ్య సందు ఎక్కడుందో వెతకడమే మన పని.

మొట్టమొదట చేసే పొరపాటు చెబుతాను, ఎందుకంటే నేనే చేశాను. రేటింగ్ పడిపోయింది కదా అని, గుర్రానికి బరువు కలిసొచ్చిందనుకోవడం. నా మొదటి శీతాకాలం, ఒక నోటుబుక్కు పెట్టి, ఏడాదిలో 15 పౌండ్లు పైన పడిపోయిన గుర్రాలన్నిటినీ రాసుకున్నాను. అవి రేసుకి వచ్చినప్పుడల్లా ఐదేసి పౌండ్ల డబ్బు పందెం కట్టాను. ఫిబ్రవరికల్లా 300 పౌండ్ల పైన పోయింది. అప్పట్లో మాకు అది నెల ఇంటి సరుకుల డబ్బు. ఇంట్లో చెప్పడానికి నాకు వారం పట్టింది. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంచుకున్నాను. అందులో సగం గుర్రాలు వయసైపోయినవి, కాళ్ళ నరాలు దెబ్బతిన్నవి, పరుగంటే మనసు విరిగినవి. వాటి రేటింగ్ పడిపోవడం న్యాయమే. ఇంకా పడాలి.

క్విక్సాల్ క్రాసెట్ అని ఒక గుర్రం ఉండేది, యార్క్‌షైర్‌ది. 103 రేసులు పరిగెత్తింది. ఒక్కటీ గెలవలేదు. జనానికి దాని మీద ఎంతో ప్రేమ. కానీ ఎంత తక్కువ బరువు పెట్టినా దానికి బరువు కలిసొచ్చిందని అనగలమా? అనలేం. సత్తా రేటింగ్ కంటే కిందే ఉంది. తక్కువ రేటింగ్ వేరు, సత్తా కంటే తక్కువ రేటింగ్ వేరు. ఈ రెంటికీ తేడా తెలియకపోతే పుస్తకాలు నిండుతాయి, జేబు ఖాళీ అవుతుంది.

కాబట్టి మళ్ళీ అదే ప్రశ్న. ఎందుకు ఓడింది?

ఓటమికి కారణాలు

మొదటిది నేల. ఇక్కడ రేసు రోజు పొద్దున నేల ఎలా ఉందో చెబుతారు: గుడ్, గుడ్ టు సాఫ్ట్, సాఫ్ట్, హెవీ, ఇలా మెత్తబడుతూ పోతుంది. మన నల్లరేగడిలో వాన తర్వాత నడిచారా? చెప్పు పట్టేస్తుంది. హెవీ అంటే అలాంటిది. కొన్ని గుర్రాలు ఆ బురదలోనే గొప్పవి, ఎందుకంటే వేగం లేకపోయినా ఓపిక ఉంటుంది, మిగతావి అలసిపోతాయి. అదే గుర్రం వేసవిలో వుస్టర్‌లోనో న్యూటన్ ఆబట్‌లోనో గట్టి నేల మీద పరిగెడితే అన్నీ దాన్ని దాటేస్తాయి. నాలుగు వేసవి రేసులు, నాలుగు ఓటములు, రేటింగ్ పది పౌండ్లు పడింది. గుర్రం చెడిపోయిందా? లేదు, వాన పడలేదంతే.

రెండోది దూరం. మూడు మైళ్ళ గుర్రాన్ని రెండు మైళ్ళు పరిగెత్తిస్తే ఎప్పుడూ ఓ అడుగు వెనకే ఉంటుంది. దీని గురించి తర్వాత మళ్ళీ వస్తాను.

మూడోది మైదానం. దీన్ని ఫ్లాట్ రేసులు చూసి వచ్చిన మనవాళ్ళు అసలు పట్టించుకోరు. హెక్సమ్ కొండ మీద ఉంటుంది, చివర్లో ఏటవాలు ఎక్కాలి, అక్కడ ఊపిరి లేని గుర్రం నిలబడిపోతుంది. నార్ఫోక్‌లోని ఫేకెన్‌హమ్ దాదాపు మైలు చుట్టుకొలత ఉన్న చిన్న మైదానం, ఎప్పుడూ మలుపే. పెద్ద అంగల గుర్రం అక్కడ ఊపందుకునే లోపే ఇంకో మలుపు వస్తుంది. కార్ట్‌మెల్‌లో ఆఖరి ఫెన్స్ దాటాక అర మైలు పరిగెత్తాలి. ఒకచోట ఓడిన గుర్రం ఇంకోచోట గెలవడానికి ఈ ఒక్క కారణం చాలు. ఎడమ చేతి వైపు తిరిగే మైదానం, కుడి చేతి వైపు తిరిగేది, ఇది కూడా చూడండి. ఫెన్స్ దగ్గర ఎప్పుడూ కుడికి వంగి దూకే గుర్రం ఎడమ మలుపు మైదానంలో ప్రతి ఫెన్స్ దగ్గరా కొంత దూరం పోగొట్టుకుంటుంది.

నాలుగోది ఊపిరి. గుర్రం మనలాగా నోటితో ఊపిరి తీసుకోదు, ముక్కుతోనే. గొంతులో ఒక పక్క నరం బలహీనపడితే గాలి దారి సన్నబడుతుంది. అలాంటి గుర్రం ఎలా ఓడుతుందో గమనించండి. రేసంతా హాయిగా వస్తుంది, జాకీ చేతులు కదలవు. మనం ఇదే గెలుస్తుంది అనుకుంటాం. రెండు ఫెన్స్‌లు మిగిలాక ఎవరో బ్రేకు వేసినట్టు ఆగిపోతుంది. చాతకాని గుర్రం అలా ఆగదు, అది మొదటినుంచీ కష్టపడుతూ వస్తుంది. ఊపిరి ఆపరేషన్ చేయించాక పరిగెత్తే మొదటి రేసుకి 2018 జనవరి నుంచి కార్డు మీద గుర్తు వేస్తున్నారు. ఆ గుర్తు ఉంటే చాలు అని పరిగెత్తుకెళ్ళకండి, అందరికీ కనపడుతుంది కదా. హాయిగా వచ్చి ఆగిపోవడం అనే చరిత్ర, ఆ గుర్తు, ఈ రెండూ కలిసినప్పుడే దానికి విలువ.

ఇంకా చాలా ఉన్నాయి. నాలుగో ఫెన్స్ దగ్గర ముందు గుర్రం పడిపోయి దీనికి అడ్డం వచ్చింది. ఏడాది తర్వాత మొదటి పరుగు, ఒంట్లో ఇంకా సత్తువ రాలేదు. కార్డు మీద అక్షరాలు ఇవన్నీ చెప్పవు. 'ఎఫ్' అంటే పడింది, 'యూ' అంటే జాకీ జారిపడ్డాడు, 'పీ' అంటే మధ్యలో ఆపేశారు. అంతే చెబుతాయి. రీప్లే చూడాలి. తప్పదు అమ్మా, మీరు తల ఊపుతున్నారు కానీ నిజంగా తప్పదు. అక్షరం చూసి పందెం కట్టడమంటే మార్కుల జాబితా చూసి పిల్ల సంబంధం ఖాయం చేసుకోవడమే.

ఒక గుర్రం సంగతి కొంచెం వివరంగా చెబుతాను. పేరు చెప్పను, ఎందుకంటే పేరు చెబితే పేరే గుర్తుంటుంది. ఎనిమిదేళ్ళ గెల్డింగ్, అంటే విత్తులు తీసిన మగ గుర్రం. రెండు శీతాకాలాల కిందట కార్లైల్‌లో సాఫ్ట్ నేల మీద మూడు మైళ్ళ చేజ్, అంటే ఫెన్స్‌లు దూకే రేసు గెలిచింది, 98 రేటింగ్‌తో. గెలిచాక 104 చేశారు. తర్వాత స్థలం మారింది, కాలం మారింది. వేసవిలో రెండు, రెండున్నర మైళ్ళ రేసులు, గట్టి నేల. ఏడోది, పీ, ఆరోది, ఎనిమిదోది. రేటింగ్ 101, 97, 93, 88. ఆరు నెలలు విశ్రాంతి ఇచ్చారు, ఊపిరి ఆపరేషన్ చేయించారు. నవంబర్‌లో కెల్సోలో రెండున్నర మైళ్ళకి దింపారు. ఐదోది వచ్చింది. రేటింగ్ 86.

పేపర్ చూసినవాడికి ఏం కనపడుతుంది? ఏడు, పీ, ఆరు, ఎనిమిది, ఐదు. చెత్త. నేను కెల్సో రీప్లే మూడుసార్లు చూశాను. చివరి నుంచి మూడో ఫెన్స్ దగ్గర అన్ని జాకీల చేతులూ కదులుతున్నాయి, దీని మీదున్న అమ్మాయి చేతులు మాత్రం కదలలేదు. చివరి నుంచి రెండో ఫెన్స్ దగ్గర వేగంగా వెళ్ళేవి దీన్ని దాటాయి. కానీ అది ఆగిపోలేదు. నెమ్మదిగా, ఒకే ఊపులో వస్తూనే ఉంది. గీత దాటాక ఇంకా అదే ఊపు. నేను పుస్తకంలో రాసుకున్నాను: "మూడు మైళ్ళు, మెత్తని నేల, కొండ."

డిసెంబర్‌లో హెక్సమ్. మూడు మైళ్ళు, సాఫ్ట్. పొద్దున్నుంచీ సన్నటి జల్లు. పైన 100 రేటింగ్ గుర్రం 12 స్టోన్లతో, దీనికి 11 స్టోన్లు. చివరిసారి గెలిచిన రేటింగ్ కంటే 12 పౌండ్లు తక్కువ. మూడు మైళ్ళ రేసులో ఒక లెంగ్త్‌ని ఉజ్జాయింపుగా ఒక పౌండ్ అనుకుంటారు. అంటే అప్పటి గుర్రమే అయితే పన్నెండు లెంగ్త్‌ల వెసులుబాటు. అప్పటి గుర్రమేనా? అది తెలియాలి కదా. రేసుకి ముందు గుర్రాల్ని నడిపించి చూపించే ప్యాడాక్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. చలికాలం జుట్టు పెరిగి ఉంది కానీ కింద ఒళ్ళు బిగుతుగా ఉంది, పక్కటెముకల చివరి రెండు సన్నగా కనపడుతున్నాయి, పొట్ట పైకి లాగి ఉంది. చెవులు ముందుకి. గుర్రాన్ని నడిపిస్తున్న కుర్రాణ్ణి అదే లాక్కెళ్తోంది.

రేసు మొదటి చుట్టు అంతా వెనకే. కొండ దిగేటప్పుడు ఇంకా వెనకపడింది. రెండో చుట్టులో, ఎదురు వైపు నుంచి ఎక్కడం మొదలుపెట్టాక ఒక్కొక్కటే వెనక్కి వచ్చేస్తున్నాయి, ఇది ముందుకి వెళ్తోంది. దాని వేగమేమీ పెరగలేదు, మిగతావి తగ్గిపోతున్నాయి. ఆఖరి ఫెన్స్ దగ్గర రెండోది. గడ్డలు గడ్డలుగా బురద ఎగిరి జాకీ అద్దాల మీద పడుతోంది, అమ్మాయి ఒక్కో జత అద్దాల్నీ కిందికి లాగేస్తోంది. గీత దగ్గర మెడంత తేడాతో ఓడిపోయింది. అవును, ఓడిపోయింది! నా డబ్బు పోయింది. కానీ నా లెక్క తప్పు కాదు కదా? రేటింగ్ రెండు పౌండ్లు పెంచి 88 చేశారు. జనవరిలో కార్లైల్‌లో అదే మూడు మైళ్ళు, అదే మెత్తని నేల. ఆరు లెంగ్త్‌లతో గెలిచింది.

కొత్త గుర్రాలు

ఇప్పటిదాకా చెప్పింది పాత గుర్రాల సంగతి, కిందికి పడిపోయినవి. ఇంకో జాతి ఉంది, ఇంకా పైకి రానివి. నన్ను అడిగితే వీటిలోనే ఎక్కువ దొరుకుతాయి.

ఒక కుర్ర గుర్రానికి హ్యాండిక్యాప్ రేటింగ్ రావాలంటే మామూలుగా ముందు కొన్ని రేసులు పరిగెత్తాలి. ఎత్తుగా, పొడుగు కాళ్ళతో, ఎముక గట్టిగా ఉన్న ఐదారేళ్ళ గుర్రాన్ని ఊహించుకోండి. తల్లి వైపు అందరూ మూడు మైళ్ళ ఛేజర్లు. అలాంటిదాన్ని రెండు మైళ్ళ హర్డిల్ రేసుల్లో కొన్నిసార్లు దింపారు. ముప్పై లెంగ్త్‌లు, నలభై లెంగ్త్‌లు వెనక. రేటింగ్ 85 వచ్చింది. ఆ తర్వాత మూడు మైళ్ళకి, పెద్ద ఫెన్స్‌ల మీద. ఎలా ఉంటుంది? కొన్నిసార్లు ఇంకో గుర్రాన్ని చూసినట్టు ఉంటుంది.

ఇక్కడ మనవాళ్ళు వెంటనే అనేమాట, "మోసం అన్నా, కావాలని ఓడించారు." ఆగండి. గుర్రాన్ని దాని శక్తి మేరకు పరిగెత్తించాలని నిబంధన ఉంది, స్టీవర్డులు, అంటే రేసు అధికారులు చూస్తారు, విచారణ చేస్తారు, నిషేధాలు పడతాయి. ఎక్కడో ఎవరో తప్పు చేయవచ్చు. కానీ నేను చూసినంతలో చాలా గుర్రాలకి ఆ మొదటి రేసులు బడి లాంటివి. ఎత్తైన పిల్లకి కాళ్ళు కుదురుకోవాలి, దూకడం నేర్చుకోవాలి, ఇరవై గుర్రాల మధ్య బెదరకుండా ఉండాలి. రెండు మైళ్ళలో వేగంగా పరిగెత్తలేకపోవడం దాని నేరం కాదు. కష్టపడి గుర్రాన్ని సాకుతున్న చిన్న చిన్న ట్రైనర్లు, పొద్దున నాలుగింటికి లేచి పేడ ఎత్తేవాళ్ళు, వాళ్ళందర్నీ ఒక్క మాటతో దొంగలని అనడం నాకు నచ్చదు. మోసం అని అనుకున్న క్షణంలో మీరు ఆలోచించడం మానేస్తారు. ఎందుకు ఓడింది అన్న ప్రశ్నకి మోసం అన్నది సోమరి జవాబు.

కాబట్టి పెడిగ్రీ, అంటే వంశం చూడండి, ఒంటి తీరు చూడండి. పాయింట్-టు-పాయింట్ రేసుల్లో, అంటే ఊళ్ళ పొలాల్లో జరిగే మూడు మైళ్ళ పోటీల్లో ముందే గెలిచి ఉంటే అది పెద్ద ఆధారం. హర్డిల్స్‌కీ ఫెన్స్‌లకీ రేటింగులు వేరు వేరుగా ఉంటాయి, ఫెన్స్‌లకి మొదటిసారి వచ్చినప్పుడు హర్డిల్ చరిత్రనే ఆధారం చేసుకుంటారు. ఆ మొదటి రెండు మూడు చేజ్‌లు, అక్కడ కళ్ళు పెట్టండి. చెంపలకి షీప్‌స్కిన్ పట్టీలు, కళ్ళకి పక్కచూపు ఆపే బ్లింకర్లు మొదటిసారి పెట్టినప్పుడు కూడా కార్డు మీద గుర్తు ఉంటుంది, కానీ నేను దానికి పెద్దగా విలువ ఇవ్వను. ఇంకేమీ పనిచేయనప్పుడు కూడా పెడతారు కదా.

ఇంక రెండు విషయాలు త్వరగా చెప్పేస్తాను, టీ చల్లారిపోతోందని అక్కడ సైగలు చేస్తున్నారు.

ఒకటి పెనాల్టీ. రేటింగులు వారానికోసారి, మంగళవారం మారతాయి. గుర్రం గురువారం గెలిచి, ఆ తర్వాత సోమవారమే మళ్ళీ పరిగెడితే కొత్త రేటింగ్ ఇంకా రాదు, మామూలుగా 7 పౌండ్ల పెనాల్టీ మీద పరిగెడుతుంది. సులువుగా, పది లెంగ్త్‌లతో గెలిచి ఉంటే హ్యాండిక్యాపర్ పది పౌండ్లో అంతకన్నా ఎక్కువో పెంచేవాడు. అంటే మూడు పౌండ్లు దానికి లాభం. అయితే నాలుగు రోజుల్లో మళ్ళీ మూడు మైళ్ళు, బురద. అలసట ఖరీదు మూడు పౌండ్లకంటే తక్కువేనా? ఒక్కో గుర్రానికి ఒక్కోలా ఉంటుంది. గతంలో వెంటవెంటనే పరిగెత్తి నిలబడిందా అని చూడండి.

రెండోది కుర్ర జాకీలు. ఇక్కడ కండిషనల్ జాకీలంటారు. 20 గెలుపుల దాకా 7 పౌండ్లు, 40 దాకా 5, 75 దాకా 3 పౌండ్లు బరువు తగ్గింపు. హర్డిల్స్‌లో మంచి కుర్రాడి 7 పౌండ్లు అంటే నిజమైన లాభం. ఫెన్స్‌ల మీద, అందులోనూ జారే నేల మీద, నేనైతే అనుభవమున్న జాకీనే కోరుకుంటాను. ఒక్క ఫెన్స్ దగ్గర తడబడితే ఏడు పౌండ్లూ అక్కడే పోతాయి.

ఎదురు మాట కూడా చెప్పాలి. కారణాలన్నీ చక్కగా కనపడుతున్నా కొన్ని గుర్రాల్ని నమ్మకూడదు. ఫిల్ బుల్ 1948లో హాలిఫాక్స్‌లో గుర్రాలకి సొంతంగా రేటింగులిచ్చే టైమ్‌ఫామ్ సంస్థ మొదలుపెట్టాడు, అలాంటి గుర్రాలకి వాళ్ళు రేటింగ్ పక్కన ఒక మెలిక గుర్తు వేస్తారు. ఈ గుర్రం మనసు పెట్టి పరిగెత్తదు అని దానర్థం. మరీ ఘోరమైతే రెండు మెలికలు.  గుర్రానికి సత్తా ఉంది, బరువు కలిసొచ్చింది, నేల కుదిరింది, కానీ దానికి ముందుకి వెళ్ళాలని లేదు. అప్పుడు మన లెక్కలన్నీ కాగితాలే. అలాంటి గుర్రం ఐదుసార్లు వరసగా రెండోది, మూడోది వచ్చి ఉంటుంది. చూడ్డానికి ఎంతో ఆశ పుట్టిస్తుంది. జాగ్రత్త.

పైన ఎక్కువ బరువు మోసే గుర్రాన్ని చూసి భయపడకండి. "12 స్టోన్లు, పాపం ఎలా మోస్తుంది" అంటారు. చిన్న రేసుల్లో అది మిగతావాటికంటే మంచి గుర్రం కాబట్టే ఆ బరువు. పోయిన నెల 0-120 రేసులో పరిగెత్తి, ఇవాళ 0-100కి దిగి వచ్చిందేమో చూడండి. అడుగున ఉండే గుర్రాల్లో కొన్నిటి రేటింగ్ ఎంత తక్కువంటే, రేసులో పెట్టగల కనీస బరువు కూడా వాటికి ఎక్కువే. కార్డు మీద తేలికగా కనపడతాయి, నిజానికి వాటి లెక్క ప్రకారం అన్నిటికన్నా ఎక్కువ భారం మోస్తున్నవి అవే.

డబ్బు సంగతి ఒక్క మాట. మీరు కట్టాలని నేను చెప్పడం లేదు. నా ఐదు పౌండ్ల నోటుబుక్కు సంగతి దాచకుండా చెప్పాను. కట్టకపోయినా ఈ పని చేయవచ్చు, నేను ఇప్పుడు నెలలో మూడు వారాలు కట్టకుండానే చూస్తాను. రాసుకుంటాను, రీప్లే చూస్తాను, తప్పయితే ఎక్కడ తప్పిందో మళ్ళీ చూస్తాను. హెక్సమ్ కొండ మీద జల్లులో నిలబడి, తొమ్మిది నెలలు అందరూ వదిలేసిన గుర్రం ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ రావడం చూస్తే నాకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

ఇప్పుడు ఈ కాగితాలు తలొకటి తీసుకోండి. అటువైపు కూడా పంపండి తమ్ముడూ. వచ్చే గురువారం సెడ్జ్‌ఫీల్డ్ కార్డు ఇది, మూడో రేసు, పద్నాలుగు గుర్రాలు. ఏది గెలుస్తుందో రాయకండి. ఒక్కో పేరు పక్కన, కిందటిసారి ఎందుకు ఓడిందో మీకు తోచింది ఒక్క ముక్క రాయండి. తెలియకపోతే ఖాళీగా వదిలేయండి. టీ తాగి వచ్చాక రీప్లేలు ఇక్కడే గోడ మీద వేసి ఒక్కొక్కటే చూద్దాం.